స్టిక్కరక్క కూర్చిన ముఖం

స్టిక్కరక్కకు వేళ్ళు రెండు తక్కువ, మాటలు నాలుగు ఎక్కువ అని మార్కెట్ సందులో చెప్పుకునేవారు. వేళ్ళ సంగతి నిజమే. కుడిచేతి చిటికెన వేలూ, దాని పక్కదీ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను కింద పోయాయి. బ్లేడు దిగుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు, ఈమె తల తిప్పింది. వేళ్ళు కాగితాల కట్టతో పాటు అవతలికి జారిపడ్డాయనీ, యజమాని పైకాగితం ఒక్కటి తీసి పారేసి మిగతా కట్టంతా వాడుకున్నాడనీ ఆమె నవ్వుతూ చెప్పేది. వినేవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక టీ గ్లాసులోకి చూసుకునేవారు.

మాటల సంగతి మటుకు అన్యాయం. ఆమె మాటలు ఎక్కువేం కాదు, పదునెక్కువ. ఆ పదును పుట్టుకతో వచ్చింది కాదు, దెబ్బల మీద ఎక్కింది.

తండ్రి దుకాణాలకు పెద్ద పెద్ద బోర్డులు రాసేవాడు. రంగు కలపడంలో ఆయన్ని మించినవాడు లేడు, కొట్టడంలోనూ లేడు. ఎరుపులో పసుపు ఒక చుక్క ఎక్కువైతే కుంచె తిరగేసి కట్టెతో కణత మీద కొట్టేవాడు. పిల్ల చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీద కొట్టేవాడు. ఆమె నడుమెత్తు కూడా లేని తమ్ముడు ఇద్దరి మధ్యలోకి దూరేవాడు. ఒకసారి రంగు డబ్బా చెంప మీద పడి వాడి ఎడమ చెవి వినికిడి పోయింది. "నీ తిట్లు వినడానికి ఒక్క చెవి చాల్లే అక్కా, రెండోది దండగ" అనేవాడు పెద్దయ్యాక.

మొగుడు అంతకంటే ఘనుడు. తండ్రి కనీసం తప్పు చేస్తే కొట్టేవాడు, మొగుడికి ఆ వంక కూడా అక్కర్లేదు. ఒకనాడు జుట్టు పట్టి గోడకేసి బాదుతుంటే ఆమె చేతికందిన బోర్డు చెక్క తీసి తిప్పింది. భుజం ఎముక విరిగిన చప్పుడు పక్కవాటాలోకి వినపడింది. భుజం పట్టుకుని బయటికి పోయిన మొగుడు పోయినవాడు పోయినట్టే. ఆమె చెక్క మీది నెత్తురు తుడిచి, దాని మీదే "ఇక్కడ నంబరు ప్లేట్లు వేయబడును" అని రాసి, ఒక చిన్న గది అద్దెకు తీసుకుని దాని ముందు తగిలించింది. దుకాణం అలా మొదలైంది.

గదికి ఒక పక్క పంచర్లు వేసే ముసలాయన, ఎదురుగా సందు అవతల మూతపడిన కుట్టుమిషన్ల కొట్టు. లోపల ఒక బల్ల, స్టిక్కరు చుట్టలు, కోయడానికి మనిషి చెయ్యంత పొడుగు స్టీలు స్కేలు, ఎప్పుడూ ఆమె జేబులో ఉండే కట్టర్ బ్లేడు. వ్యాన్ల వెనక రాతలు, షట్టర్ల మీద పేర్లు, తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు, ఏ పనొచ్చినా కాదనేది కాదు.

కంప్యూటర్ తెచ్చింది తమ్ముడు. వాడు సరుకుల వ్యాను నడిపేవాడు. ఒక ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు పారేయబోతున్న పాత కంప్యూటర్ని వ్యాన్లో వేసుకొచ్చాడు. బొమ్మలు గీసే పెద్ద పెద్ద ప్రోగ్రాములు దాంట్లో ఎక్కలేదు. ఇంటర్నెట్లో తెరిచి గీసుకునే ఒక చిన్న సైటు దొరికింది. తెల్లటి పేజీ, ఎడం పక్క గుండ్రం, చతురస్రం, ముక్కోణం, నక్షత్రం, పైన ఒక వరుస రంగులు. అంతే దాని సంసారం.

"ఇవి రంగులా, చాక్లెట్ కాగితాలా?" అంది ఆ వరుస చూసి.

వరుస చివర ఒక చిన్న కూడిక గుర్తు ఉంది. దాని మీద నొక్కితే మూడు గీతలు తెరుచుకున్నాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కో గీత మీదా జరిగే గుండీ. మూడింటినీ జరుపుకుంటూ పోతే కావలసిన రంగు మన ఎదుటే పుడుతుంది. నచ్చితే దాచుకోవచ్చు. ఎరుపూ ఆకుపచ్చా కలిపితే డబ్బాల్లో అయితే బురద వస్తుంది. ఇక్కడ పసుపు వచ్చింది. ఆమె మొదటిసారి చూసి చాలాసేపు నవ్వింది. నాన్న బతికుంటే ఈ మిషన్ని కూడా చావబాదేవాడంది.

ఆకారాలూ అంతే. గుండ్రం మీద రెండుసార్లు నొక్కితే అంచు చుట్టూ చుక్కలు వచ్చేవి. చుక్కను పట్టి లాగితే అంచు వంగేది. ఇక్కడ లాగి, అక్కడ నొక్కి, ఇంకో చుక్క తగిలిస్తే గుండ్రం కాస్తా దవడ అయ్యేది. కుదిరిన ఆకారాన్ని పక్కనున్న అరలో దాచుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు పేజీ మీదికి ఈడ్చుకోవచ్చు. ఆ అరను ఆమె డబ్బా అనేది.

ముఖాలు గీయడానికి ఎదుట ఒక మనిషి కావాలి కదా. లోడుకీ లోడుకీ మధ్య తమ్ముడు వచ్చి దుకాణంలో బల్లకు చేరగిలబడేవాడు. వాడి ముక్కు చూసి ముక్కు చేసింది. చెవి చూసి చెవి. కళ్ళు, కనుబొమలు, వెడల్పాటి దవడ, కింది పెదవి, మెడ, ఒక్కోటీ విడిగా చేసి డబ్బాలో వేసింది.

"నన్ను ముక్కలు కోసి డబ్బాలో పెట్టావు కదే" అన్నాడు వాడు ఒకరోజు తెర వంక చూసి.

"గుత్తగా అయితే నిన్నెవడు కొంటాడురా. విడిగా అయితే పోతావు."

నిజంగానే పోయాడు. కళ్ళద్దాల కొట్టు బోర్డు మీద వాడి కళ్ళు, క్షౌరశాల బోర్డు మీద ఎవరిదో జుట్టు కింద వాడి దవడ, చెవి మిషన్లు అమ్మేవాడి బోర్డు మీద వాడి చెవి. ఆ మార్కెట్లో పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా తిరిగే ప్రతివాడూ తమ్ముడిని ముక్కలు ముక్కలుగా చూస్తూనే ఉండేవాడు. తమ్ముడు మటుకు ఊళ్ళో ఉన్న రోజులు తక్కువ. వచ్చినా అక్క దుకాణం దాటి లోపలికి పెద్దగా తిరిగేవాడు కాదు. మార్కెట్ అవతలి కొసలో వాడిని ఎరిగినవాళ్ళు లేరు.

ఆ అవతలి కొసలోనే పండ్లబండాయన చచ్చిపోయాడు. పొద్దున బేరాలు ముమ్మరంగా ఉన్న వేళ ఒక మోటారుసైకిలువాడు సందులో దూరి బండి చక్రాన్ని గుద్దాడు. చూసుకుని నడపమన్నాడు పండ్లాయన. వాడు బండి ఆపి, స్టాండు వేసి, తీరిగ్గా దిగి, సీటు పక్క నుంచి ఇనప రాడ్డు లాగాడు. మొదటి దెబ్బకు మోకాలు విరిగింది. కింద పడ్డవాడి మొహం మీద రెండోది పడింది. తరవాత ఎన్ని పడ్డాయో చూసినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. పండ్లు చితికి రసం కారింది, మనిషి తల చితికి నెత్తురు కారింది, రెండూ కలిసి మురుక్కాలవ దాకా పోయాయి. వాడు రాడ్డుని బండి మీద పరిచిన గోనెకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. చుట్టూ అంతమంది ఉన్నారు. అందరూ రాడ్డుని చూశారు. మొహాన్ని చూసింది పండ్లాయన భార్య ఒక్కత్తే.

ఉల్లిపాయల గోదాము యజమానే మార్కెట్ సంఘానికి పెద్ద. అందరూ పెద్దాయన అనేవారు. పోలీసులు వచ్చి కొలతలు తీసుకుని పోయారు. పెద్దాయన ఆవేశం కొలతలతో చల్లారలేదు. పండ్లాయన భార్యను వెంటబెట్టుకుని స్టిక్కరక్క దుకాణానికి వచ్చాడు. వాడి బొమ్మ వేసివ్వు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు. ఆవిడ ముంజేతుల మీద మొగుడి నెత్తురు ఎండి పొలుసులుగా ఉంది. కడుక్కోమంటే కడుక్కోనంది.

స్టిక్కరక్క స్టూలు వేసి కూర్చోబెట్టింది. మొహం ఎలా ఉందని అడిగితే ఆవిడ జాకెట్ గురించి చెప్పింది. వాడు వేసుకున్న జాకెట్ రంగు కళ్ళలోంచి పోవడం లేదంది.

"ఏం రంగు?"

"తుప్పు. తుప్పు కూడా కాదు. తుప్పు మీద వాన పడి ఆరితే ఉంటుందే, అది."

స్టిక్కరక్క మూడు గీతలు తెరిచింది. ఎరుపు పెంచింది, ఆకుపచ్చ కొంచెం ఎక్కించింది. ఆవిడ కాదంది. నీలం ఒక వెంట్రుకవాసి జరిపింది. ఇంకా చావాలి అంది ఆవిడ. చచ్చిన రంగు కావాలని స్టిక్కరక్కకు అర్థమైంది. అన్నిటినీ కొద్దికొద్దిగా కిందికి లాగింది. ఎక్కువైంది అంది ఆవిడ. మళ్ళీ పైకి. మధ్యాహ్నమంతా అదే పని. పెద్దాయన రెండుసార్లు బయటికి వెళ్ళి వచ్చాడు. చివరికి ఎర్ర గుండీ ఒక్క గింజంత వెనక్కి జరిగిందో లేదో, ఆవిడ పిడికిలి బిగించి తెరను గుద్దింది. తెర వెనక్కి పడబోతే స్టిక్కరక్క మూడు వేళ్ళతో పట్టుకుంది. ఆవిడ స్టిక్కరు తొక్కలు వేసే బుట్టలోకి వంగి వాంతి చేసుకుంది.

ఆ తరవాత ఆవిడ మెత్తబడిపోయింది. తన కళ్ళలో ఉన్న రంగునే బయటికి లాగిన మిషను ఏం చూపిస్తే అది నిజమనే చోటికి చేరింది మనసు. స్టిక్కరక్కా అలిసిపోయింది. మొహాన్ని కూడా రంగులాగే గుండ్రం దగ్గర్నుంచి మొదలుపెట్టి, చుక్కా చుక్కా లాగుతూ, ఆవిడను అడుగుతూ చేయాల్సింది. చేయలేదు. డబ్బా తెరిచింది.

ముక్కెలా ఉందంటే మామూలేనంది, కొంచెం వెడల్పంది. డబ్బాలోంచి ముక్కు వచ్చింది. దవడ బండగా ఉందంది. దవడ వచ్చింది. కళ్ళు ఇవేనా అంటే అవేనంది. స్టిక్కరక్క పెదవి మీద కోపం కోసం ఒక చుక్కను కిందికి లాగింది, కనుబొమలు దగ్గరికి జరిపింది, మెడ కింద ఆ చచ్చిన రంగు జాకెట్ తొడిగింది. పేజీ మీద మొహం ఎంత సజీవంగా నిలిచిందంటే పెద్దాయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అదే" అంది ఆవిడ. "వాడే."

ఎక్కడో చూసినట్టుందే అని స్టిక్కరక్కకు ఒక క్షణం అనిపించింది. బొమ్మ కుదిరితే తెలిసిన మొహంలా ఉంటుంది, అదే గుర్తు అని తనకు తనే చెప్పుకుంది. ఎన్నో ముక్కలు ఎన్నో బోర్డుల మీద అతికించిన చెయ్యి అది. ముక్కను చూడటం అలవాటై, మొత్తాన్ని చూడటం మరిచింది. తోడబుట్టినవాడి మొహాన్ని ఎదురుగా పెట్టుకుని, గర్వంగా, ఎన్ని కాపీలు కావాలని అడిగింది.

ఆ మొహం మార్కెట్ అవతలి కొస గోడలన్నిటికీ ఎక్కింది. చూసిన ప్రతివాడూ వీణ్ణెక్కడో చూశాననే అన్నాడు. చూడకేం, రోజూ బోర్డుల మీద చూస్తున్నదే. అలా అనుకున్న కొద్దీ కడుపులో మంట పెరిగింది. వీడు మన మధ్యనే తిరుగుతున్నాడన్న మాట పుట్టింది. ఊరికే ఉన్నవాళ్ళు కూడా భుజాలు తడుముకోవడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ బకెట్లు అమ్ముకునే మనిషి ఒకడు దవడ బండగా ఉన్నందుకు దొరికిపోయాడు. గుద్దులకు ముందు పళ్ళు ఊడి ఎర్ర బకెట్లోనే పడ్డాయి. జాకెట్ రంగు కలిసినందుకు ఇంకొకణ్ణి బస్సులోంచి లాగి రోడ్డు మీద ఈడ్చారు. ఇద్దరూ కాదని తేలాక, బాగా కనపడటం లేదు, ఇంకా పెద్దవి వెయ్యమని పెద్దాయన కబురు పెట్టాడు.

"ఆ బకెట్ల మనిషి గంజి తప్ప మింగలేకపోతున్నాడట, అమ్మాయ్" అన్నాడు పంచర్ల ముసలాయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ.

"నా బొమ్మ సరిగ్గా చూడకుండా కొడితే నేనేం చెయ్యను, బాబాయ్" అంది ఆమె. పెద్దవి వేసి ఇచ్చింది.

తమ్ముడు దూరం లోడు మీద వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చిన రోజు అక్క దుకాణం వైపు సందు బండ్లతో నిండిపోయి, వ్యాన్ని అవతలి కొసలో ఆపాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. చొక్కా విప్పి భుజాన వేసుకుని, కూలీలు కడుక్కునే కొళాయి కింద తల పెట్టాడు. తడి మొహం తుడుచుకుంటూ తల ఎత్తేసరికి వెనక గోడ మీద తన మొహమే ఉంది. వాడు అది చూడలేదు. చూసినవాళ్ళు చూశారు.

స్టిక్కరక్క ఒక వ్యాను తలుపు మీద స్టిక్కరు పరుస్తోంది. దొరికాడు, దొరికాడు అని అరుపులు వచ్చాయి. ఆమె చేస్తున్న పని వదిలేసింది. చేతిలో స్టీలు స్కేలు ఉంది. అది పట్టుకునే పరిగెత్తింది. పండ్లాయన భార్య చేతుల మీద పొలుసులు కట్టిన నెత్తురు కళ్ళలో మెదిలింది. తను గీసిన బొమ్మకు దొరికినవాడు, తన చేతి దెబ్బ కూడా ఒకటి తినాలనిపించింది. ఎందుకనిపించిందో తరవాత ఎవరెన్నిసార్లు అడిగినా చెప్పలేకపోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. పంచుతున్నారంటే చెయ్యి చాచినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

జనం గోడలా ఉన్నారు. లోపల కర్రలు లేచి పడుతున్నాయి. కర్రలు లేనివాళ్ళు తూకం రాళ్ళు పట్టుకున్నారు. మెత్తని దాని మీద గట్టిది పడే చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆమె కాళ్ళ సందుల్లోంచి దూరింది. బోర్లా పడి ఉన్న ఒక తడి వీపు కనిపించింది. వీపు మీద అప్పటికే చర్మం లేచి ఉంది. స్కేలు ఎత్తి, అంచు తగిలేలా, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. వీపు అడ్డంగా తెగి తెల్లగా తెరుచుకుని, మెల్లగా ఎర్రబడింది.

అప్పుడు ఎవరో జుట్టు పట్టి తల ఎత్తారు. ఒక కన్ను స్థానంలో నెత్తుటి గుంట. దవడ పక్కకు వేలాడుతోంది. ఆ మొహం వెనక గోడ మీద, చెక్కు చెదరకుండా, కోపం కోసం తను కిందికి లాగిన పెదవితో, తను కూర్చిన మొహం. రెండూ ఒకేసారి కనిపించాయి. ముక్కు ముక్కు మీద, కన్ను కన్ను మీద, అన్నీ వెళ్ళి అతుక్కున్నాయి.

స్కేలు పారేసి వాడి మీద పడింది. దెబ్బలు ఆగలేదు, ఆమె మీద పడ్డాయి. నా తమ్ముడు, నా తమ్ముడు అని అరిచింది.

"తమ్ముడైతే? హంతకుడు కాకూడదా?" అన్నాడు పెద్దాయన. "అందుకేనా అంత బాగా గీశావు."

ఆ మొహం నేను చేసింది, వీడిని చూసి చేసిన ముక్కలే నా దగ్గరున్నాయి, అవే పెట్టాను, తప్పు నాది అని ఆమె చెప్పింది. చెప్పినదంతా నిజం. విన్నవాళ్ళకు ఒక్క ముక్క తలకెక్కలేదు. నిజం అర్థం కావాలంటే మనిషి ఒక్క క్షణమైనా చెయ్యి దించాలి. ఎవరూ దించలేదు. పక్కటెముక ఒకటి లోపల విరిగి ఆమెకు ఊపిరి అందలేదు. పిక్క మీద ఎవరో మడమతో తొక్కారు.

ఈలోగా జనం విడిపోయి దారి ఇచ్చారు. పండ్లాయన భార్య వచ్చింది. రెండు చేతులతో పెద్ద తూకం రాయి ఎత్తుకుని ఉంది. నడకలో తొందర లేదు. ఆవిడ వంతు కోసం అందరూ ఆగినట్టున్నారు, ఒక్కసారిగా చప్పుడు అణిగింది. తమ్ముడి తల పక్కన నిలబడి, వాడి మొహంలోకి చూసింది.

"వీడే" అంది ఆవిడ.

రాయి పైకి లేచింది.

స్టిక్కరక్కకు అరవడానికి ఊపిరి లేదు. జేబులోంచి కట్టర్ తీసి, బొటనవేలితో బ్లేడు బయటికి తోసి, పైనున్న ఆ మణికట్టుని అడ్డంగా కోసింది. రోజూ స్టిక్కరు కోసే చెయ్యి, వంకర పోలేదు. నరం తెగి ఆవిడ వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. రాయి తమ్ముడి చెవి పక్కన నేలలో దిగబడింది. నెత్తురు చిమ్మి దగ్గరున్నవాళ్ళ చొక్కాల మీద, మొహాల మీద పడింది. ఆవిడ తన చేతి వంక చూసుకుని, గొంతు పగిలేలా అరిచింది. అంతసేపూ కొట్టినవాళ్ళు ఆ అరుపుకు వెనక్కి జరిగారు. ఇతరుల నెత్తురు అంటినంతసేపూ కదలనివాళ్ళు, తమలో ఒకరి నెత్తురు మీద పడేసరికి జంకారు.

బ్లేడు ముందుకు చాచి, ఆమె గుండ్రంగా తిరిగింది. దగ్గరికొస్తే గొంతులు కోస్తానంది. ఆ మాట మటుకు అందరికీ అర్థమైంది. వెనక నుంచి పంచర్ల ముసలాయన జనాన్ని తోసుకుని వచ్చి తమ్ముడి చంకల్లో చేతులు వేశాడు. ఇద్దరూ కలిసి వాడిని పక్కనున్న ఉల్లిపాయల గోదాములోకే ఈడ్చి షట్టరు దించారు. బయట షట్టరు మీద రాళ్ళు పడుతూనే ఉన్నాయి. లోపల తమ్ముడు నోట్లోంచి నెత్తురు బుడగలు వస్తుంటే, ఊపిరి ఆడేలా ఆమె వేళ్ళు పెట్టి పళ్ళ ముక్కలు తీసింది. పోలీసులు వచ్చేదాకా తీస్తూనే ఉంది.

వాడు బతికాడు. కన్ను పోయింది. దవడకు తీగలు చుట్టారు. ఆమెను పోలీసులు కొన్నాళ్ళు లోపల ఉంచారు. బయటికి రాగానే ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన కూర్చుని, దెబ్బల్లో ఒకటి నాదిరా అని చెప్పింది.

"తెలుసు" అన్నాడు వాడు తీగల మధ్య నుంచి. "నీ చెప్పులు కనిపించాయి. వచ్చావులే అనుకున్నా."

వాడు ఇంకేమైనా అంటే బాగుండని ఆమె చాలాసేపు కూర్చుంది.

అసలువాడు వేరే ఊళ్ళో మోటారుసైకిలు బాగు చేయించుకుంటూ దొరికాడు. రాడ్డు ఇంకా సీటు పక్కనే ఉంది. చేసింది తానేనని దాచకుండా ఒప్పుకున్నాడు. సన్నటి మొహం, కోసు గడ్డం, గోడ మీద మొహానికీ వాడికీ ఎక్కడా పోలిక లేదు. జాకెట్ని తీసి పోస్టరు పక్కన పెడితే మటుకు రంగు వెంట్రుకవాసి తేడా లేదట. పండ్లాయన భార్యను పిలిపించి వాడిని చూపించారు. ఆవిడ నిదానంగా చూసి, వీడు కాదంది. ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. ఒప్పుకున్నవాడు ఉండబట్టి కేసు నిలబడింది. నువ్వు కోశావు, వాళ్ళు కొట్టారు, చెల్లుకు చెల్లు అని పెద్దాయన మధ్యవర్తిత్వం చేశాడు. గోడల మీది పోస్టర్లు ఆయన మనుషులే గీకారు. గీకిన చోట తెల్లటి మచ్చలు మిగిలాయి.

తమ్ముడు మార్కెట్ వదిలి పోతాడని అందరూ అనుకున్నారు. పోతే ఆ మొహం నాదేనని ఒప్పుకున్నట్టు ఉంటుందని వాడి పట్టుదల. ఒంటికన్నుతో వ్యాను నడపనివ్వరు. దుకాణంలోనే స్టిక్కర్లు కోస్తూ, జనం కనపడితే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. సందులో ఎవరైనా కొంచెం గట్టిగా పిలిస్తే, చేతిలోది వదిలేసి బల్ల కిందికి పోయేవాడు. ఎలా ఉండగలం ఇక్కడ అని ఆమెకు నిద్ర పట్టేది కాదు. వెళ్ళిపోదామా అంటే వాడు తల అడ్డంగా ఊపేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం పండ్లాయన భార్య దుకాణం మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. కోసిన చెయ్యి నిటారుగా రావడం లేదు, వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. తమ్ముడు బల్ల అంచు పట్టుకున్నాడు. స్టిక్కరక్క చెయ్యి జేబులోకి పోయింది.

"గొడవకి రాలేదు" అంది ఆవిడ. "చంపినవాణ్ణి చూపించారు. నాకు వాడు గుర్తు రావడం లేదు. కళ్ళు మూస్తే మీ తమ్ముడే మా ఆయన్ని కొడుతున్నాడు. తప్పని తెలుసు. తెలిసినా పోవడం లేదు."

స్టిక్కరక్క ఏం చెయ్యమంటావని అడిగింది. ఆ మొహాన్ని తన ఎదురుగా తీసెయ్యమంది ఆవిడ. స్టిక్కరక్క స్టూలు వేసింది. కంప్యూటర్ తెరిచింది. పేజీ మీద కనుబొమలు పోయాయి, కళ్ళు పోయాయి, ముక్కు, దవడ, జాకెట్, ఒక్కొక్కటీ ఆమె తీసేస్తూ వచ్చింది. చివరికి తెల్లటి పేజీ మిగిలింది. ఆవిడ కళ్ళు మూసుకుని, తెరిచి, ఇంకా ఉన్నాడంది.

పక్కన ముసలాయన టైరు మీద సుత్తితో కొట్టాడు. తమ్ముడి రెండు చేతులూ తల మీదికి లేచాయి. ఆవిడ అది చూసింది. వాడు చేతులు మెల్లగా దించుకునేదాకా చూసింది.

"రోజూ కాసేపు చూడనియ్యి బాబూ" అంది. "టీ తాగుతుంటే, పని చేసుకుంటుంటే. చూడగా చూడగా మామూలు మొహం అయిపోతుందేమో."

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఈ ఒక్క సంగతిలో నోరు ఎత్తే హక్కు తనకు లేదనుకుంది ఆమె. వాడు చాలాసేపు వంకర దవడ నిమురుకున్నాడు.

"అవతలి గట్టు మీద కూర్చో" అన్నాడు చివరికి. "రాయి విసిరినా అందని చోట."

ఆవిడ లేచి సందు దాటి, మూతపడిన కొట్టు గట్టు మీద కూర్చుంది. వాడు స్టూలు వాకిట్లోకి జరుపుకుని, గోడ వైపు కాకుండా సందు వైపు తిరిగి, స్టిక్కరు చుట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి ముక్క వంకరగా తెగింది. పారేసి ఇంకోటి తీశాడు. ఆవిడ చూస్తూనే ఉంది.